మూడో వేడి మడి దగ్గరికి ఎవరూ రారు

నవంబరు 6

గోరింకకి,

మామయ్య రాస్తున్నాను. ఇక్కడ నేనూ, నీ పన్నెండు మడులూ బాగున్నాం. నీ కాలు ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతారు?

మడుల మధ్య దారిలో నువ్వు జారిపడ్డ చెక్క చూశాను. నేను వేసిందే. నాచు పట్టింది. గీకేసి పైన ఇసుక అంటించాను. ఇక ఎవరూ జారరు.

గది చాలు నాకు. మంచం, కుర్చీ, స్టవ్వు ఉన్నాయి. పక్క గదిలో నీ యంత్రం రాత్రంతా గురక పెడుతోంది. మీ అత్తయ్య పోయాక పక్కన గురక వినడం మళ్ళీ ఇప్పుడే.

రోజూ ఫోను చెయ్యమన్నావు. ఇక్కడ సిగ్నలు లేదు. ఉన్నా నావల్ల కాదు. ఫోను చెవికి ఆనిస్తే నాకు నోట మాట రాదని నీకు తెలుసు. యంత్రంలోంచి కార్డు తీసి వారం వారం నీకు పంపాలి కదా, ఆ ప్యాకెట్లో ఒక కాగితం పెడతాను. వ్యాను డ్రైవరు పట్టుకెళ్తానన్నాడు.

ఈ వయసులో ఈ పని వాడికి చేతనవుతుందా అని మీ అమ్మ అడిగిందట. అవుతుందని చెప్పు. మోకాళ్ళ సంగతి అడిగితే అవీ బాగున్నాయని చెప్పు.

ఇంతే.

మామయ్య


నవంబరు 14

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "ఇది ఉత్తరమా, టెలిగ్రామా? మా తమ్ముడికి మాటకింత అని ఎవరైనా సుంకం వేస్తున్నారా?" అంది. ఈసారి కనీసం కాగితం అడుగు దాకా రాయి. నేను మంచం మీద కాలు చాపుకుని పైకప్పు చూస్తూ పడి ఉన్నాను. చదవడానికి నువ్వే దిక్కు.

నువ్వు నలభై ఏళ్ళు కిటికీలు చేసిన వడ్రంగివి. దేనికోసం చేస్తున్నావో తెలియకుండా చెక్క ముట్టుకోవు. కాబట్టి అక్కడ నువ్వు కాపలా కాస్తున్నదేమిటో చెప్తాను, విసుక్కోకుండా చదువు.

ఆ చిత్తడి నేల అడుగున గాలి ఆడదు. అక్కడ కంటికి కనపడని జీవులు కుళ్ళిన ఆకులూ వేళ్ళూ తిని, మీథేన్ అనే గ్యాసు వదులుతాయి. అది పైకొచ్చి గాలిలో చేరితే భూమి వేడెక్కుతుంది. భూమి వేడెక్కితే ఆ జీవులకి ఆకలి పెరుగుతుంది. ఇంకా తింటాయి, ఇంకా వదులుతాయి. ఇంతవరకు తేలికే. మూడు మడుల మీద వేడి దీపాలు వేలాడదీసింది అందుకే.

ఇక చిక్కు ఎక్కడంటే కార్బన్ డయాక్సైడ్ దగ్గర. మన పొయ్యిలూ బళ్ళూ వదిలేది అదే, ఏటేటా గాలిలో పెరుగుతోంది. ఇంకో మూడు మడుల చుట్టూ కన్నాల గొట్టాలు ఉన్నాయి చూడు, వాటిలోంచి నేను వదులుతున్నది అదే. దానివల్ల తుంగ ఏపుగా పెరుగుతుంది, వేళ్ళు బలుస్తాయి. వేళ్ళలోంచి తియ్యటి రసం ఊరి ఆ జీవులకి మేత అవుతుంది. అంటే మీథేన్ పెరగాలి. కానీ అవే వేళ్ళు పైనుంచి గాలిని కిందికి మోసుకుపోతాయి. గాలి అందిన చోట మీథేన్‌నే తినేసే జీవులు వేరే ఉంటాయి. అంటే మీథేన్ తగ్గాలి. ఈ రెండిట్లో ఏది గెలుస్తుంది? అది తెలుసుకోవడానికే ఇంకో మూడు మడులకి వేడీ, గొట్టాలూ రెండూ పెట్టాను. చివరి మూడూ ఉత్త మడులు, ఏమీ చెయ్యనివి.

ప్రతి మడి మీదా గాజు మూత గంటకోసారి దానంతటదే పడుతుంది. లోపల ఎంత గ్యాసు పోగైందో యంత్రం కొలుచుకుంటుంది. నువ్వేమీ ముట్టుకోనక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: గొట్టాలున్న మడుల దగ్గర నిలబడకు. నీ ఊపిరిలోనూ అదే గ్యాసు ఉంటుంది, లెక్క చెడుతుంది.

ఏప్రిల్‌లో కమిటీ కూర్చుని ఈ మడులు ఇంకొన్నేళ్ళు ఉంచాలా, పీకెయ్యాలా తేలుస్తుంది. ఈ చలికాలం లెక్కలు సరిగా రాకపోతే నా ఐదేళ్ళ చాకిరీ ఆ బురదలోనే పోతుంది. ఈ మాట అమ్మతో అనకు. అనవులే, నువ్వు ఏదీ ఎవరితోనూ అనవు.

మోకాళ్ళు బాగున్నాయని రాయగానే అమ్మ మోకాళ్ళ పట్టీలు కొని తెచ్చింది. ఈ ప్యాకెట్లోనే ఉన్నాయి.

నీ గోరింక


నవంబరు 25

గోరింకకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సగం అర్థమైంది. రెండోసారి మిగతా సగం.

మేము బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదివాం. నీ కార్బన్ డయాక్సైడ్ అదే అనుకుంటాను. మేష్టారు సోడా కొట్టి చూపించారు. చూపించి తాగేశారు.

నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు బురదలో కర్ర పొడిస్తే బుడగలు వచ్చేవి. అగ్గిపుల్ల పెడితే భుక్కుమని మండేవి. నీ మీథేన్ అదేనా?

చలి ముదిరింది. పొద్దున చెక్కల మీద మంచు పేరుకుంటోంది. తుడిచి నడుస్తున్నాను. గొట్టాల మడుల దగ్గర ఆగడం లేదు. అటు వెళ్ళాల్సి వస్తే ఊపిరి బిగబట్టి దాటుతున్నాను.

పట్టీలు అందాయి. మీ అమ్మకి చెప్పు, నేను అడగలేదు. కానీ వేసుకున్నాను. మధ్యాహ్నం భోజనం ఆరుబయటే. ఒక వెచ్చటి చోటు దొరికింది. అక్కడ కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. దిగులు పడవద్దని చెప్పు.

కాగితం అడుగు దాకా రాయమన్నావు. అడుగు ఇదే.

మామయ్య


డిసెంబరు 5

మామయ్యా,

అదే మీథేన్! నువ్వు చిన్నప్పుడు మండించింది అదే. ఇప్పుడు మాత్రం అగ్గిపుల్ల జేబులోంచి తియ్యకు.

ఊపిరి బిగబట్టి దాటుతున్నావని చదివి నవ్వాపుకోలేకపోయాను. మామూలుగా నడువు, తండ్రీ. అక్కడ ఆగకుండా ఉంటే చాలు. కళ్ళు తిరిగి బురదలో పడితే నీ కాలు కూడా విరుగుతుంది. మనిద్దరం చెరో కాలుతో కుంటుకుంటూ తిరగాలి. వెచ్చటి చోటు అంటే యంత్రం గది గుమ్మం ముందని అమ్మకి చెప్పాను. "వాడి బుర్ర బాగానే పనిచేస్తోంది" అంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పంపిన కార్డుల్లో ఒక వింత కనిపించింది. మూడో వేడి మడి ఉంది చూడు, గట్టు వైపు చివరిది. అక్కడ రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ మీథేన్ ఒక్కసారిగా ఎగదన్నుతోంది. ఒక గంటసేపు ఉండి తగ్గిపోతోంది. నవంబరు మొదట్లో ఇది లేదు. పదిరోజుల నుంచి వదలకుండా వస్తోంది.

ముందు యంత్రం చెడిందనుకున్నాను. చెడలేదు. కాబట్టి అడుగుతున్నాను: ఆ వేళకి మూడో వేడి మడి దగ్గరికి ఎవరైనా వస్తున్నారా? చేపలు పట్టేవాళ్ళు, కుక్కలు, పక్షులు, ఎవరైనా? బాగా చూసి రాయి.

నీ గోరింక


డిసెంబరు 11

గోరింకకి,

బాగా చూశాను. మూడో వేడి మడి దగ్గరికి ఎవరూ రారు.

ఒక కొంగ వస్తుంది. ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. చూసినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు.

అది కారణమేమో అని నిన్న తోలేశాను. నన్ను ఒక చూపు చూసి వెళ్ళింది. నాకన్నా ముందునుంచి ఇక్కడ ఉన్నది. మనసుకి బాగాలేదు. నీ పని కోసం కాబట్టి తోలాను.

వ్యాను డ్రైవరు మాటకారి. ఆగినంతసేపూ వాళ్ళ మామగారిని తిడతాడు. నేను వింటాను. నేను మంచి మనిషినని అందరితో చెబుతున్నాడట.

మామయ్య


డిసెంబరు 19

మామయ్యా,

కొంగని వెనక్కి పిలువు. దాని తప్పేమీ లేదు. నువ్వు తోలేసిన మర్నాడు మీథేన్ ఇంకా ఎక్కువ ఎగదన్నింది.

కట్టు విప్పారు. కాలు బెండకాయలా సన్నబడిపోయింది. చంకలో కర్ర పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. నా సంగతి వదిలెయ్. ఇది విను.

ఈ రెండు నెలల లెక్క తీశాను. ఉత్త మడుల్లో వచ్చే మీథేన్‌తో పోలిస్తే వేడి మడుల్లో నాలుగు రెట్లు వస్తోంది. వేడీ గొట్టాలూ రెండూ ఉన్న మడుల్లో ఒకటిన్నర రెట్లే! అంటే వేళ్ళు కిందికి మోసుకెళ్ళే గాలి గెలుస్తోంది మామయ్యా. వేడి పెంచినదాన్ని కార్బన్ డయాక్సైడ్ చాలావరకు లాగేస్తోంది. ఇంత తేడా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మధ్యాహ్నం పొంగు మిగతా రెండు వేడి మడుల్లో ఎందుకు లేదని పెద్దసారు అడిగారు. పెద్దసారంటే తెలుసు కదా, నా పని అంతా చూసే ఆయన. మూడోది ముందు అందుకుంది, మిగతా రెండూ దాని వెనకే వస్తాయని చెప్పాను. పగటి వేడి బురద లోపలికి దిగి అక్కడ చిక్కుకున్న బుడగల్ని ఒక్కసారిగా వదిలిస్తోందని నా ఊహ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారంటే నచ్చిందని అర్థం.

నువ్వొక పని చెయ్యాలి. ఒక వారం పాటు రోజూ మధ్యాహ్నం మూడో వేడి మడి దగ్గరే కూర్చో. గొట్టాలు లేని మడే కదా, పరవాలేదు. పొంగు మొదలవక ముందునుంచి ఆగేదాకా అక్కడే ఉండి ఏం జరుగుతోందో కళ్ళారా చూసి రాయి.

నీ గోరింక


జనవరి 2

గోరింకకి,

వారం అంతా కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టు ముందుగానే వెళ్ళి ఆలస్యంగా లేచాను.

నువ్వన్నది నిజం. బుడగలు వస్తున్నాయి. నేను వెళ్ళి కూర్చోగానే మొదలవుతాయి, నా కోసమే ఆగినట్టు. చెక్క అంచున, గాజు మూత కింద, తుంగ మొదళ్ళలో. ముందు పెద్దవి, తర్వాత చిన్నవి. అన్నం ఉడుకుతున్నట్టు ఉంటుంది. కాసేపటికి సద్దుమణుగుతాయి. చూస్తూ ఉంటే పొద్దు తెలియదు.

ఇంకెవరూ రాలేదు. కొంగ కూడా ఇంకా రాలేదు. అలిగింది.

నీ మడులు పీకెయ్యరు కదా ఇక?

మామయ్య


జనవరి 10

మామయ్యా! మామయ్యా!

నీ ఉత్తరం పట్టుకుని ఒంటికాలి మీద గెంతాను. అమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మళ్ళీ విరగ్గొట్టుకుంటావా? ఈసారి నేను చెయ్యను నీకు సేవ!" అని అరిచింది.

యంత్రం చూపించింది వేరు, మనిషి కళ్ళారా చూసింది వేరు. పెద్దసారుకి చదివి వినిపించాను. అన్నం ఉడుకుతున్నట్టు అన్నావు చూడు, ఆ మాట దగ్గర మళ్ళీ కళ్ళజోడు తీశారు. ఈ నెల ఇరవై నాలుగున పెద్ద సభ ఉంది. మూడు రోజులు. దేశదేశాల నుంచి వస్తారు. మొదటి రోజే నేను మాట్లాడాలి. కమిటీ వాళ్ళు ముందు వరసలోనే ఉంటారట. పొంగు సంగతి చెప్పి, "అక్కడ కాపలా ఉండే మా మేనమామ స్వయంగా చూశారు" అని చెప్తాను. సిగ్గుపడకు. నువ్వు అక్కడ ఉండవు కాబట్టి నిన్ను ఎవరూ చూడరు.

ఒక తలనొప్పి మాత్రం తెచ్చుకున్నాను. అమ్మ ఈ మాటలన్నీ విని పక్కింటి వాళ్ళకి "పొగ మంచిదేనట, మా అమ్మాయి కనిపెట్టింది" అని చెప్పేసింది. ఆ ఇంటాయన సిగరెట్టు వెలిగించి నాకు థాంక్స్ చెప్పాడు! నేను కూర్చోబెట్టి చెప్పాను: రెండూ ఉన్న మడిలో వేడి మడి కన్నా తక్కువేగానీ ఉత్త మడి కన్నా ఎక్కువే వస్తోంది బాబూ, ఆ వేడి వచ్చేదే ఈ పొగ వల్ల, రోగం తెచ్చినవాడే రవ్వంత మందు కూడా ఇస్తే వాణ్ణి డాక్టరు అంటారా అని. తలూపి ఇంకోటి వెలిగించాడు.

నీ గోరింక


జనవరి 21

గోరింకకి,

ఇది నీకు సభ కన్నా ముందు అందదు. ప్యాకెట్ చేరేసరికి నాలుగు రోజులు పడుతుంది. అందుకే రోడ్డు దాకా నడిచి డ్రైవరు ఫోను అడిగి చేశాను. నువ్వు స్నానంలో ఉన్నావట. మీ అమ్మ ఎత్తింది. నాకు మాట పెగల్లేదు. మడి దగ్గర కూర్చున్నది నేనేనని అమ్మాయికి చెప్పు, అన్నాను. చెప్తానంది. అర్థమయ్యేలా చెప్పానో లేదో తెలియదు. అందుకని రాస్తున్నాను.

ఈ రోజు పొద్దున మూడో వేడి మడి దగ్గర చెక్క మేకు లేచింది. మధ్యాహ్నం దాకా ఆగకుండా అప్పుడే వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చుని కొడుతున్నాను. బుడగలు వచ్చాయి. మధ్యాహ్నం కాలేదు, ఎండ లేదు. లేచి నిలబడి గట్టు మీదికి వచ్చాను. ఆగాయి. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. వచ్చాయి. లేచాను. ఆగాయి.

ఎండ కాదు అమ్మా. నా బరువు. నా కింద చెక్క వేలెడు దిగుతోంది. బురదని నొక్కుతోంది. లోపలున్న బుడగలు బయటికొస్తున్నాయి. చిన్నప్పుడు కర్రతో పొడిచినట్టే.

నవంబరు నుంచి రోజూ అక్కడే కూర్చుని తింటున్నాను. దీపాల వేడి మోకాళ్ళకి తగులుతుంది. వెచ్చటి చోటు అని రాసింది అదే.

రెండూ ఉన్న మడుల దగ్గరా దీపాలున్నాయి. కానీ గొట్టాలున్న చోట ఆగవద్దన్నావు. అందుకని అక్కడ ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చుని ఉంటే అవీ పొంగేవేమో. నీ తేడా అంతా నేనేనేమో.

సభలో చెప్పకు.

మామయ్య


జనవరి 31

మామయ్యా,

సభలో చెప్పేశాను.

నువ్వు ఫోను చేసిన సంగతి అమ్మ చెప్పింది. ఏం చెప్పిందో తెలుసా? "మామయ్య ఫోను చేశాడు. మడి దగ్గర కూర్చున్నాడట, బాగున్నాడట. వాడంతట వాడు ఫోను చేశాడు, చూశావా, నీ సభంటే వాడికి ఎంత సంబరమో!" నేనూ అదే అనుకున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కూడా.

ఇరవై నాలుగున గంటసేపు మాట్లాడాను. మధ్యాహ్నం పొంగు చెప్పగానే హాలంతా ముందుకి వంగింది. అన్నం ఉడికినట్టు అన్న మాటకి చప్పట్లు కొట్టారు. ఇరవై ఐదు సాయంత్రం ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం బల్ల మీద ఉంది.

రాత్రంతా పైకప్పు చూశాను. పొద్దున పెద్దసారుకి ఫోను చేసి చెప్పాను. ఆయన "మొన్న నేనే నిన్ను వేదిక ఎక్కించాను, ఇవాళ నువ్వే ఎక్కాలి" అన్నారు. చివరి రోజు, చంకలో కర్రతో మళ్ళీ ఎక్కాను. మొన్న నేను చెప్పిన పొంగు మా మేనమామ భోజనానికి కూర్చోవడం వల్ల వచ్చిందని చెప్పాను. హాలు విరగబడి నవ్వింది. కమిటీ ఆవిడ మాత్రం నవ్వలేదు. ఏదో రాసుకుంది.

నీ మీద కోపం లేదు. ఉంది. లేదనడం అబద్ధం. కానీ నువ్వు కూర్చున్నందుకు కాదు. ఆరుబయట తింటున్నానని నువ్వు రాశావు. వెచ్చటి చోటనీ రాశావు. నేనే గుమ్మం అనుకున్నాను. పైగా వారం రోజులు కూర్చోమని ఆర్డరు వేసింది కూడా నేనే. ఆ మాటకొస్తే చెక్కలు బురద మీద తేలికగా వెయ్యమని, లోతుగా గుంజలు దింపితే నేల కదిలిపోతుందని నీతో పోట్లాడిందీ నేనే.

కోపం ఎందుకంటే, "ఎవరైనా వస్తున్నారా" అని అడిగాను. "ఎవరూ రారు" అని రాశావు. కొంగని చెప్పావు. అది అలిగిందని కూడా చెప్పావు. రోజూ అక్కడ కూర్చున్న మనిషిని చెప్పలేదు. నువ్వు ఎవరూ కాదా మామయ్యా?

గోరింక


ఫిబ్రవరి 5

గోరింకకి,

అడిగినదానికి జవాబు రాస్తూ మూడు కాగితాలు చింపాను.

నేను దాచలేదు. నువ్వు ఎవరైనా అని అడిగితే నా బుర్రకి నేను రాలేదు. అంతే.

నెలాఖరుకి వ్యానులో వచ్చేస్తాను. ఎవడైనా కుర్రాణ్ణి, మోకాళ్ళు బాగున్నవాణ్ణి పంపు. అందరి ముందూ నిన్ను రెండుసార్లు నిలబెట్టాను. మీ అమ్మకి మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు.

కార్డు ఈ ప్యాకెట్లోనే ఉంది. ఈ వారం మడుల దగ్గర కూర్చోలేదు. గదిలో తింటున్నాను.

మామయ్య


ఫిబ్రవరి 13

మామయ్యా,

పెట్టె సర్దితే విప్పెయ్. రావడానికి వీల్లేదు. "వాడు వస్తే గుమ్మంలోనే నిలబెట్టి మళ్ళీ వ్యాను ఎక్కిస్తాను" అని అమ్మ రాయమంది. నాకు కావాల్సింది మోకాళ్ళు కాదు, నువ్వు. నీ ఒక్కడి బరువే నాకు తెలుసు. కుర్రాడొస్తే వాడు ఎక్కడ కూర్చుంటాడో ఎవరికి ఎరుక?

తమాషా కాదు. నీ బరువెంత? ఎక్కడైనా తూచుకుని రాయి. తర్వాత ఒక రోజు మొదటి వేడి మడి దగ్గర గంటసేపు కూర్చో. ఇంకో రోజు రెండో దాని దగ్గర. మరో రోజు రెండూ ఉన్న మడి దగ్గర కూడా, ఊపిరి సంగతి నేను చూసుకుంటాను. ఒక రోజు ఉత్త మడి దగ్గర. మోకాళ్ళకి చలి తగులుతుంది, పట్టీలు వేసుకో. ఒక మనిషి కూర్చుంటే ఏ మడి ఎంత పొంగుతుందో తెలిస్తే, ఎంత తీసెయ్యాలో తెలుస్తుంది.

ఈలోగా మూడో వేడి మడిని పూర్తిగా పక్కన పెట్టి లెక్క మళ్ళీ వేశాను. మొత్తం తుడిచిపెట్టుకు పోతుందనుకున్నాను.

పోలేదు. వేడి మడుల్లో నాలుగు రెట్లు కాదు, రెండున్నర. రెండూ ఉన్న మడుల్లో అదే ఒకటిన్నర. తేడా చిన్నదైంది, కానీ ఉంది. నువ్వు అటువైపు తొంగి కూడా చూడని మడుల్లోనే ఉంది. నువ్వు పోసిన గాలి పోయింది, మిగిలింది నిలబడింది.

కమిటీ ఆవిడ ఉత్తరం రాసింది. ఇలాంటివి బయటికి చెప్పే చోట డబ్బు పెట్టడానికి భయం తక్కువ అంది. అయితే ఒక షరతు: చెక్కలు బురదని తాకకూడదు. ఏప్రిల్ లోపు మార్చాలి. నీ రంపం పదునుగానే ఉందా?

నీ గోరింక


మార్చి 8

గోరింకకి,

డ్రైవరు నన్ను బస్తాల కాటా మీద నిలబెట్టాడు. యాభై ఎనిమిది కిలోలు. కోటుతో. అందులో పట్టీలు కూడా ఉన్నాయి. ఇంత తక్కువా అని అతను ఆశ్చర్యపోయాడు. వాళ్ళ మామగారు తొంభై అట.

నువ్వు చెప్పిన వరసలో కూర్చున్నాను. వేడి మడులు రెండూ పొంగాయి. రెండూ ఉన్నది కొంచెం. ఉత్తది ఇంకా తక్కువ. కార్డులో నీకు తెలుస్తుంది. కూర్చున్న ప్రతిసారీ కూర్చున్నాను అని రాసిపెట్టాను.

గుంజల పని మొదలుపెట్టాను. మడి అంచుకి బారెడు దూరంగా దింపుతున్నాను, మడిలో నేల కదలదు. బురద దాటి గట్టి నేల తగిలేదాకా దించాలి. సన్నటి గుంజలైతే సులువుగా దిగుతున్నాయి. వాటి మీద అడ్డదూలాలు, దూలాల మీద చెక్కలు. కిటికీ చట్రం లాంటిదే, పడుకోబెట్టినట్టు. డ్రైవరు సెలవు రోజున వచ్చి సాయం పడుతున్నాడు. మాట్లాడుతూనే కొడతాడు. ఒక్క దెబ్బ కూడా తప్పదు.

మీ అమ్మకి నా నమస్కారం చెప్పు. గుమ్మంలో నిలబెడతానందని చెప్పావు. చిన్నప్పుడు కూడా అలాగే నిలబెట్టేది.

మామయ్య


ఏప్రిల్ 3

మామయ్యా,

రెండేళ్ళు! మూడు అడిగితే రెండు ఇచ్చారు. కానీ ఇచ్చారు. మడులు ఉంటాయి. నీ కొత్త చెక్కల ఫోటో డ్రైవరు పంపాడు, దాన్ని కమిటీ ముందు పెట్టాను. "ఇవి ఎవరు చేశారు?" అని ఆవిడ అడిగింది. "కూర్చున్నాయనే" అన్నాను. ఈసారి ఆవిడ కూడా నవ్వింది.

నా కాలు గట్టిపడింది. నెలాఖరుకి నేనూ అమ్మా వస్తున్నాం. గురక పెట్టే యంత్రం పక్కన తనకి నిద్ర పట్టదని అమ్మ ఇప్పటినుంచే సణుగుతోంది. నీ గురక సంగతి గుర్తు చేశాను.

ఒక్కటే మనసులో పీకుతోంది. నీ బరువు తీసేశాక మిగిలినది నిజమేనని నేను అంకెల్లోనే చూశాను. కళ్ళతో ఎవరూ చూడలేదు. ఎండలు ముదురుతున్నాయి కదా, గట్టు మీదనుంచే, మడులకి దూరంగా ఉండి, ఒక రోజు చూసి రాస్తావా?

నీ గోరింక


ఏప్రిల్ 16

గోరింకకి,

చూశాను. ఒక రోజు కాదు, వారం చూశాను.

గట్టు మీద కుర్చీ వేసుకున్నాను. అది గట్టి నేల. డ్రైవరు దగ్గర దూరం చూసే అద్దాలు ఉన్నాయి, అడిగి తీసుకున్నాను. ఎండ బాగా కాస్తోంది. మోకాళ్ళకి పట్టీలు అవసరం లేదు. తీసి మేకుకి తగిలించాను. కొంగ వచ్చింది. ఉత్త మడుల అవతల, నీళ్ళలో దూరంగా నిలబడుతోంది. నేను కుర్చీలోంచి కదలకపోతే అదీ కదలడం లేదు.

వేడి మడులు మూడిట్లోనూ బుడగలు వస్తున్నాయి. చెక్క మీద ఎవరూ కాలు పెట్టలేదు. మధ్యాహ్నమనే లేదు, వాటికి తోచినప్పుడు వస్తున్నాయి. రెండూ ఉన్న మడుల్లోనూ వస్తున్నాయి, తక్కువ. తుంగ అక్కడ నా భుజం ఎత్తు ఉంది. నువ్వు అంకెల్లో చూసింది నేను కళ్ళతో చూశాను.

నా బరువు కాదు అని తెలిసి ముందు సంతోషం వేసింది. సంచిలోంచి భోజనం తీసి తృప్తిగా తిన్నాను. తింటూ ఉంటే అనిపించింది, ఇది సంతోషపడే సంగతి కాదు కదా అని. నేను లేస్తే ఆగేదైతే బాగుండేది.

నిన్న ఎండ మరీ ఎక్కువ. సాయంత్రం అద్దాలు ఉత్త మడుల వైపు తిప్పాను. దీపాలు లేనివి, గొట్టాలు లేనివి, మనం ఏమీ చెయ్యనివి. అక్కడ కూడా ఒకటీ అరా పైకి వచ్చాయి. చాలాసేపు చూశాను. వస్తూనే ఉన్నాయి.

దగ్గర ఎవరూ లేరు. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

మామయ్య